గుణమే, నాయనా

నా బిరడాలంటే నాకు చాలా గర్వం. నవ్వకండి. విడవలూరు నుంచి సముద్రం వైపు పోయే ఇసుకదారిలో, రెండు గదుల ఆసుపత్రిలో, ఇరవై నాలుగేళ్లకు కాంపౌండరుగా చేరినవాడికి గర్వపడడానికి ఇంకేం దొరుకుతుంది? డాక్టరు గారు వారానికి రెండు రోజులు వచ్చేవారు. మిగతా రోజుల్లో మందు కలిపేదీ నేనే, కట్లు కట్టేదీ నేనే, వసారా ఊడ్చేదీ నేనే.

ఆ రోజుల్లో సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నేను మిక్చర్ పోసి, డోసు డోసుకూ గాటు పెట్టిన కాగితం పక్కన అతికించి, బిరడా పెట్టి, అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాణ్ణి. మా రోగులంతా ఉప్పుకాలువ దాటి, సరుగుడు తోపుల్లో పడి నడిచిపోయేవాళ్లు. దారిలో చుక్క ఒలికినా నా పేరు పోతుందని నా బాధ. నేను బిగించిన సీసాను తలకిందులు చేసి ఊపినా తడి కనిపించేది కాదు.

నా రెండో గర్వం రిజిస్టరు. అందులో చివరి గడి పేరు 'గుణం', అంటే మందుకు తగ్గిందా లేదా అని. పాత రోగి మళ్లీ వచ్చినప్పుడు నేను అడిగేవాణ్ణి: "గుణమేనా?" వాళ్లు చెప్పింది ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకునేవాణ్ణి. వయసులో ఉన్నవాళ్లు ఒక్కోసారి "ఏం గుణం, నీ మొహం" అనేవాళ్లు. ముసలివాళ్లు మాత్రం ఒక్కరు కూడా అట్లా అనలేదు. అరవై దాటిన వాళ్ల పేర్లకు ఎదురుగా పై నుంచి కింది దాకా 'గుణం, గుణం, గుణం'. ఆ పేజీలు చూసుకుని నా చేతి మహిమకు నేనే మురిసిపోయేవాణ్ణి.

వాళ్లలో పట్టపుపాలెం నుంచి వచ్చే ఒక అవ్వ ఉండేది. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లలు లేరు. పాలెంలో చిరిగిన వలలు బాగుచేసి పెట్టి ఆ కూలితోనే బతికేది. చేతివేళ్ల కీళ్లు వాచి వంకర్లు పోతున్నాయని మొదటిసారి వచ్చినప్పుడు చెప్పింది. ఆ వేళ్లు ముడి వేయలేకపోతే ఆమెకు గింజ పుట్టదు. కీళ్ల నొప్పుల మిక్చర్ రాసిచ్చారు డాక్టరు గారు. అప్పటినుంచి ప్రతి గురువారం తప్పకుండా వచ్చేది. వచ్చిన ప్రతిసారీ వేరే సీసా. ముసలామె ఎంత శుభ్రమో అనుకున్నాను.

"గుణమేనా అవ్వా?"

"గుణమే, నాయనా."

ఒక గురువారం నెల్లూరు నుంచి తనిఖీకి ఒక డాక్టరమ్మ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. ఖద్దరు చీర, మగవాళ్ల చేతిగడియారం. బీరువా చూసింది, మందుల గది చూసింది, చివరికి నా రిజిస్టరు తెరిచి చాలాసేపు తిప్పింది.

"ముసలివాళ్లందరికీ గుణమేనా?"

"అందరికీనండీ."

"తగ్గనివాళ్లు ఒక్కరైనా లేరా?"

"లేరండీ."

"ఇంత గొప్ప ఆసుపత్రి నేనెక్కడా చూడలేదు" అంది. నేను చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్పాను. అది ఎత్తిపొడుపని నాకు తెలిసేసరికి సాయంత్రమైంది.

ఆమె కుర్చీ వదిలి వసారాలోకి వచ్చి, వరసలో కూర్చున్న అవ్వ పక్కన నేలమీదే చతికిలబడింది. గుణమా అని అడగనే లేదు. ముచ్చట్లకు వచ్చిన చుట్టంలాగా అవ్వ తలవైపు చూసి, "కొప్పు బాగుందవ్వా, ఎవరు వేశారు?" అంది.

"పక్కింటి పిల్ల ఏసిందమ్మా."

"నువ్వే వేసుకుని ఎన్నాళ్లయింది?"

అవ్వ నావైపు ఒకసారి చూసి తల దించుకుంది. "వానలప్పుడు ఏసుకునింది."

వానలు వెళ్లి రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలల్లో ప్రతి గురువారానికీ ఎదురుగా నేను 'గుణం' రాశాను. ఒక్క కొప్పు ప్రశ్నతో నా పేజీలన్నీ వట్టి కాగితాలైపోయాయి. నాకు కోపం రావాలి, నిజానికి కొంచెం వచ్చింది కూడా. కానీ దాన్ని మించి ఆశ్చర్యం. మనిషి ఒంట్లో సంగతి మనిషి నోటినుంచి కాకుండా కొప్పులోంచి లాగవచ్చని నాకెవరూ చెప్పలేదు.

"నీ ఇల్లు చూపిస్తావా అవ్వా?" అంది డాక్టరమ్మ. ముగ్గురం బయల్దేరాం. బల్లకట్టు మీద కాలువ దాటి, ఎండలో, ఇసుకలో. తనిఖీకి వచ్చిన పెద్ద డాక్టరు చెప్పులు చేత్తో పట్టుకుని ఒక ముసలామె నడకకు సరిగ్గా తగ్గట్టు నడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాతా చాలా తక్కువే చూశాను.

తాటాకు గుడిసె. ఒక మూల ఎవరిదో వల, సగం బాగుచేసి వదిలేసింది. దాని వెనక గోడ వారగా ఎనిమిది సీసాలు. ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. నా కాగితాలు, నా గాట్లు, నా బిరడాలు.

డాక్టరమ్మ ఒక సీసా తీసి బిరడా లాగింది. రాలేదు. కొంగు చుట్టి లాగింది. రాలేదు. నా చేతికిచ్చింది. నేను మోకాళ్ల మధ్య బిగించి, పళ్లు బిగబట్టి లాగితే అప్పుడు ఊడింది. ఆ ఊడిన చప్పుడుకు నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"తీయలేకపోతే చెప్పకూడదా అవ్వా?" అన్నాను. "ఎవరినన్నా తీసిమ్మని అడగొచ్చు గదా?"

"అడిగితే ఊరుకుంటారా నాయనా? ఇన్ని సీసాలు తెచ్చుకుని తాగలేదేమని అడగతారు. కాంపౌండరు మందు ముసిల్దానికి పనిచెయ్యలా అంటారు. ఆ మాట నలుగురి నోళ్లలో పడితే నీ హస్తవాసి ఏం గావాల?"

"నా హస్తవాసికి ఏమవుతుంది?"

"చెడిపోతుంది. గుణం లేదు అని రోగి నోట్లోంచి వస్తే మందిచ్చిన చెయ్యి చెడిపోతుంది గదా. పాలెంలో జరాలొచ్చిన పసిబిడ్డలుండారు. ఆ చేత్తోనే గదా నువ్వు వాళ్లకీ ఇయ్యాల."

"అయితే వారం వారం ఎందుకొచ్చినావు?"

"రాకపోతే మాత్రం? మందు పనిచెయ్యక మానుకునింది అనుకోరా?"

ఆమె ఇదంతా మామూలుగా చెప్పింది. త్యాగం చేస్తున్నానన్న ధ్యాస ఆ ముఖంలో ఎక్కడా లేదు. వేళ్లు వంకరపోతుంటే, కూలి పోతుంటే, ఎవరి బిడ్డలకోసమో నా చేతిని కాపాడుతూ ఎనిమిది వారాలు రెండు మైళ్ల ఇసుక నడిచింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసింది.

ఆ మధ్యాహ్నం అక్కడే ఒక పని జరిగింది. అవ్వ వలదారం తెచ్చింది. వల ముడి ఎట్లా వేయాలో ఆమె నోటితో చెబితే నేను వేశాను. బిరడా చుట్టూ దారం, పైన ఉచ్చు. ఆ ఉచ్చును గుంజకు కొట్టిన మేకుకు తగిలించి రెండు అరచేతులతో సీసాను వెనక్కి లాగితే బిరడా వచ్చేస్తుంది. అవ్వ లాగి చూసి పసిపిల్లలాగా నవ్వింది. ఆ తర్వాత నేనక్కడ పనిచేసినంత కాలం ముసలివాళ్లకు ఉచ్చులేని సీసా ఇవ్వలేదు. అరచేతి దెబ్బలు మానుకున్నాను. 'గుణం' గడిలో ఆ ఒక్క మాట రాయడం కూడా మానేశాను. కొప్పు ఎవరు వేశారు, నీళ్లకుండ ఎవరు దించారు, బల్లకట్టు ఎట్లా ఎక్కావు, ఇవి అడిగి రాసుకునేవాణ్ణి. నా ముత్యాల అక్షరాలకు గడి సరిపోయేది కాదు.

మందు తాగడం మొదలుపెట్టాక నెలన్నరకు అవ్వ కొప్పు ఒక పక్కకు ఒరిగి కనిపించింది. ఎవరూ అడగకముందే చెప్పింది, "నేనే ఏసుకున్యా." పెద్ద కన్నుల వలలు మళ్లీ బాగుచేయడం మొదలుపెట్టింది. సన్న కన్నులవి మాత్రం చేతికి రాలేదు.

చలికాలంలో ఒక గురువారం వరసలో తన వంతు వచ్చినప్పుడు లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా చెవి దగ్గరికి వంగి, గోడలకు కూడా వినపడకుండా అంది:

"ఈ వారం గుణం లేదు, నాయనా."

ఆ ఒక్క మాట నాకు ఇవ్వడానికి ఆమెకు ఏడాది పట్టింది. రిజిస్టరులో రాసుకున్నాను. ఆ రోజు డాక్టరు గారు వచ్చి ఉన్నారు, మందు మార్చారు.

అవ్వ కొత్త సీసా కొంగున కట్టుకుని, తలుపు తెరిచి, వసారాలో కూర్చున్న వాళ్లందరికీ వినపడేటట్టు గట్టిగా అంది, "గుణమే, నాయనా! గుణమే!"