జరీ అంచు తెర

మా పై అంతస్తు ఆయన పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. గుడ్‌గావ్‌లో కూతురింటికి వెళ్ళి, అక్కడే నిద్రలో పోయారట. జనక్‌పురి తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో అమ్ముతున్న గోంగూర పచ్చడికీ, మర్నాడు నీళ్ళు రావన్న కబురుకీ మధ్య ఆ వార్త ఉంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. ఆ చేతుల్లో చాలావరకు ఆయన్ని దెయ్యాల అంకుల్ అని వెక్కిరించినవారివే. చదువుతున్నవారిలో మీరూ ఉంటే ఉండండి. నా వయసులో మొహమాటం లేదు.

కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి ఉన్న ఒకే వ్యసనం సినిమా పుట్టిన తొలి రోజుల భయాలు. పాడుపడ్డ కోటలు, మెట్ల మీద మనిషి కంటే ముందు ఎక్కివచ్చే నీడలు, హంతకుడెవరో తేలని పెద్ద భవంతులు. అన్నీ నలుపూ తెలుపూ. చాలావాటికి మాటలు కూడా ఉండవు. ఆదివారం మధ్యాహ్నం కిటికీలకి దుప్పట్లు కట్టి, చిన్న ప్రొజెక్టర్‌తో వాటిని వేసేవారు. తెర ఆయనకి పెళ్ళిలో పెట్టిన పట్టంచు పంచె. ఒక్కసారి కూడా కట్టుకోలేదు. నాలుగు మూలలా ఆయన భార్య నాడాలు కుట్టి ఇచ్చింది, కిటికీ ఊచలకి కట్టుకోవడానికి. అంచు కింది వైపు వచ్చేది. అందుకని ఆ శవాలూ పిశాచాలూ ప్రభువులూ మా కళ్ళముందు జరీ అంచు మీదే నడిచేవారు.

మధ్యమధ్య తెర మీద వచ్చే మాటల్ని ఆయన పక్కన నిలబడి తెలుగులో చదివేవారు. అనువాదం అంటే ఏమిటో నేను జీవితమంతా క్లాసుల్లో చెప్పాను గానీ, కోట కాపలా ముసలివాడిని తూర్పుగోదావరి వాడిని చేసే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు. "ఆ మేడలో దిగకండి బాబూ. దిగినోళ్ళు తిరిగెళ్ళినట్టు నేనెప్పుడూ చూళ్ళేదండి" అని ఆయన అంటే పిల్లలు ముడుచుకునేవారు. 

ఒకసారి ఒక పాప లేచి, "అంకుల్, ఆవాజ్ నహీ ఆ రహీ" అంది.

"దానికి గొంతు లేదమ్మా. అందుకే భయం. అరిచేవాళ్ళతో మనకేం భయం?" అన్నారాయన.

ప్రొజెక్టర్‌కి అడ్డంగా ఎవరు నడిచినా, జాయింట్ సెక్రటరీ అయినా సరే, ఒకే మాట. "వంగండి. తెర మీద మీ నీడ పడుతోంది." చివరికి తెర ఒట్టి తెలుపు అయ్యేదాకా ఎవర్నీ లేవనిచ్చేవారు కాదు. నెత్తురు నల్లగా ఉన్నప్పుడు భయం వేసేదనీ, రంగు వచ్చాక రోత మాత్రమే మిగిలిందనీ అనేవారు. ఈనాటి సినిమాల గురించి ఇంతకంటే సరైన విమర్శ నేను చదవలేదు. నేను చదవనిది తక్కువ.

మొదట్లో ఇదంతా మా తెలుగు సంఘం హాల్లో జరిగేది. కార్యదర్శి మారాడు. కొత్తాయన ఒక ఆదివారం తాళాలు చేత్తో ఆడిస్తూ వచ్చి, "శుభకార్యాలు జరిగే హాలండీ ఇది. శవాల బొమ్మలు బాగోవు కదా. లేడీస్ తంబోలా ఆడుకుంటామంటున్నారు" అన్నాడు. మా పై అంతస్తు ఆయన వాదించలేదు. నాడాలు విప్పి, పంచె మడిచి చంకలో పెట్టుకుని, "ఠీక్ హై" అన్నారు. నేను మాత్రం ఆ కార్యదర్శిని ఇప్పటికీ క్షమించలేదు. సాహిత్య సభల్లో మా పై అంతస్తు ఆయన్ని కాలక్షేపం మనిషి అని చప్పరించేసిన నా తోటి పండితుల్నీ క్షమించలేదు. వాళ్ళ పుస్తకాలన్నీ చదివాను. ఒక్కదానిలో కూడా నీడ లేదు.

ఆ తర్వాత ఆటలు ఆయన ఇంటికి మారాయి. కొన్నాళ్ళు జనం పకోడీల కోసం వచ్చారు. తర్వాత ఆయన భార్య పోయింది, పకోడీలూ పోయాయి. ఇద్దరం మిగిలాం. ఆయన మాత్రం నా ఒక్కడి కోసం కూడా లేచి నిలబడే చదివేవారు. 

"నాకు ఇంగ్లీషు వచ్చు, కూర్చోండి" అంటే, "మీకు రాదని కాదు మాస్టారూ. వినేవాడు ఉన్నాడని" అనేవారు. 

వారంలో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ మధ్యాహ్నమే. మిగతా రోజులు నేను పాలవాడికి సంచీ అందిస్తాను, అంతే.

ఆయన్ని జనక్‌పురికి తీసుకొచ్చారు. పైకి వెళ్ళాను. ఆయన మీద కప్పి ఉన్న బట్ట చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. జరీ అంచు. మూలల్లో నాడాలు.

కూతురు దగ్గరికి వచ్చింది. "పంతులుగారు కొత్త పంచె కావాలన్నారు, అంకుల్. మార్కెట్‌లో మనవాళ్ళు కట్టే రకం దొరకలేదు. అల్మారాలో ఇదొక్కటే కట్టనిది ఉంది."

"అది కట్టుకునేది కాదమ్మా. నాన్నగారి తెర."

"తెర మతలబ్?"

"సినిమా వేసే స్క్రీన్. నాడాలు మీ అమ్మ కుట్టింది."

ఆ పిల్ల వంగి ఒక నాడాని వేళ్ళతో పట్టుకుంది. "తీసేసి మీకిచ్చేయనా అంకుల్? ఇంకోటి చూస్తాను."

కావాలనే ఉంది. ఆ ఇంట్లో నాకు కావలసిందల్లా అదే. మా గదిలో కిటికీకి కట్టుకుంటే చాలనిపించింది. కానీ కట్టి ఏం చేస్తాను? పక్కన నిలబడి చదివేదెవరు?

"ఉండనీ అమ్మా" అన్నాను.

శ్మశానంలో చలికాలపు ఎండ వాలుగా పడుతోంది. పాడె దించారు. కార్యదర్శి ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, సంఘానికి ఆయన చేసిన కళాసేవ గురించి మొదలుపెట్టాడు. సరిగ్గా సూర్యుడికి అడ్డంగా నిలబడ్డాడు. అతని నీడ, తలా భుజాలూ, ఆ పంచె నిండా పరుచుకుంది.

"వంగండి" అన్నాను.

అర్థం కాక నా వైపు చూశాడు. నమస్కరించమంటున్నాననుకున్నాడేమో, మాట మధ్యలో ఆపి నడుము వంచాడు. అతన్ని చూసి వెనకున్నవాళ్ళూ వంగారు. 

తెర మీద నీడ పోయింది. ఇటువైపున్న వేపకొమ్మ ఆకుల నీడలు మాత్రం ఆ తెలుపు మీద, జరీ అంచుకి కాస్త పైన, చప్పుడు లేకుండా కదులుతున్నాయి.