అత్త నేసిన ఊయల గుడ్డ

మొన్న మా కోడలికి కడుపులో గడ్డ ఉందంటే స్కానింగుకు తోడుగా వెళ్లాను. డాక్టరమ్మ తెర మీద నల్లగా, గుండ్రంగా ఉన్నదాన్ని చూపించి, ఇది అండాశయం మీది నీటితిత్తి, గోడ పలచగా ఉంది, లోపల కండ పెరగలేదు, క్యాన్సరు రకంలా లేదు అని అక్కడికక్కడే చెప్పేసింది. కోడలు నవ్వింది. నాకేమో కళ్లనీళ్లు ఆగలేదు. మా ఎమ్మిగనూరు మేనత్త గుర్తొచ్చింది.

డెబ్బైల చివర, నేను ఆదోనిలో కొత్తగా టీచరుగా చేరిన రోజులవి. నలభై దాటినా అత్తకు కడుపు పండలేదు. మామతో సమానంగా గుంటమగ్గంలో కూర్చుని చీరలు నేసేది, పాట లేకుండా ఆమె చేతిలో పోగు నడిపే నాడె కదిలేది కాదు. అలాంటి మనిషికి నెల తప్పి, పొట్ట పెరిగి మగ్గం కర్రకు తగలడం మొదలైంది. ఇంకేముంది, దేవుడు ఇన్నాళ్లకు కళ్లు తెరిచాడని వీధి ఆడవాళ్లంతా చేతినిండా పచ్చగాజులు తొడిగారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మామ ఎగతాళి చేస్తున్నా వినకుండా, మిగిలిన నూలుతో ఊయల గుడ్డ నేసేసింది, ఆత్రం మనిషి!

నెలలు నిండుతున్నా బిడ్డ కదలకపోయేసరికి ఆదోనికి, మా ఇంటికి తీసుకొచ్చారు. స్కానింగు అనే మాటే మనం వినని కాలం కదా. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి, బిడ్డ ఎముకల జాడే లేదు, ఇది గడ్డ, మంచిదో చెడ్డదో కోసి చూస్తే తప్ప తెలియదంది.

"లేత ఎముకలు గదమ్మా, ఇంగా ముదరలేదేమో! బాగ సూడు తల్లీ," అని బతిమాలింది అత్త.

కర్నూలులో ఆపరేషనుకు ముందు గాజులు తీయమంటే, పురుడయ్యేదాకా తీయగూడదని ఏడ్చింది. కోసి చూస్తే క్యాన్సరే; అప్పటికే కడుపంతా పాకింది. మళ్లీ ఉగాదికి అత్త లేదు.

ఆ ఊయల గుడ్డలోనే మా అబ్బాయి పెరిగాడు. ఇప్పటి తెర ఆనాడుంటే జబ్బు ముందే బయటపడేది, అత్త బతికేదేమో అని ఎన్నిసార్లు అనుకున్నానో. అయినా, ఆ పచ్చగాజుల చేతులతో పాడుకుంటూ నేసిన ఆ కొన్ని నెలలు తప్ప అత్త తల్లిగా బతికింది ఎప్పుడు? ఆ తెర ఉండుంటే అవీ దక్కేవి కావు.