మెయిల్ గ్రూప్ మేడమ్

నరసరావుపేటలో నేను పనిచేసిన కాలేజీలో, స్టాఫ్ మెయిల్ గ్రూప్‌కి ఓనర్ మా సీనియర్ మేడమ్. సెట్టింగ్స్ మార్చి సేవ్ నొక్కబోయి, వేలు వెనక్కి తీసుకునేవారు. "ఒకరి గుట్టు అందరికీ పోద్దేమోనని చానా భయమమ్మా" అనేవారు. ఎవరు ఏం రాసినా తను చూశాకే గ్రూప్‌లోకి వెళ్లేలా పెట్టారు. ఆ ఆలస్యానికి అందరం విసుక్కునేవాళ్లం.

ఒకరోజు, ఆవిడ ఒక్కరికే అనుకుని, గర్భం పోయిందనీ సెలవు కావాలనీ మెయిల్ రాశాను. పంపాక చూస్తే పైన గ్రూప్ అడ్రస్ ఉంది. ఆవిడ చూశాకే వెళ్తుందన్న సంగతి ఆ కంగారులో గుర్తే రాలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఎవరు ఫోన్ తీసినా నా గురించే చదువుతున్నారనిపించింది. ఆవిడ గదికి పరుగెత్తాను.

"ఎవరికీ పోలా తల్లీ. నా దగ్గరే ఆగింది, తీసేశా" అన్నారు.

లేచి తలుపు దగ్గరగా వేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఇంట్లో కూడా ఏడవనిదాన్ని, అక్కడ ఏడ్చాను.