మా మామయ్య పాసైన పరీక్ష

మా మామయ్య వీరాంజనేయులుగారు సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. గిద్దలూరు దగ్గరి మనిషి. చివరి పోస్టింగ్ ఢిల్లీ కంటోన్మెంట్‌లో పడింది. ఈలోగా ఆయన కొడుకు కిరణ్‌కుమార్‌కు గురుగ్రామ్‌లో ఉద్యోగం, నాతో పెళ్లి కుదిరిపోవడంతో ఆయనా, అత్తయ్య పార్వతమ్మా వసంత్ కుంజ్‌లో మాతోనే ఉండిపోయారు. ఒంట్లో బాగోలేదన్న మాట ఈ మనిషి నోట ఎన్నడైనా వచ్చి ఉంటే మా ఇంట్లో సగం గొడవలు జరిగేవే కావు.

కిందటి వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత తేరుకుంది, కర్ర పట్టుకుని నడుస్తారు. కుడిచెయ్యి మాత్రం దారికి రాలేదు. భుజం కాస్త లేస్తుంది, వేళ్లు బిగుసుకుపోయి పిడికిలిగా ఉంటాయి. పోనీ ఎడమచేత్తో చెంచా పట్టుకోండి అంటే ససేమిరా అన్నారు. అన్నం ఎడమచేత్తో ముట్టుకోవడమా? చేసేది లేక అత్తయ్యే ముద్దలు కలిపి పెట్టేవారు. ఒకసారి నేను తెలియక మంచినీళ్లు పట్టుకెళితే, ఆయన నోట్లో ముద్ద నమలకుండా అలాగే ఉంచుకుని, నేను బయటికి వచ్చేదాకా గోడవైపు చూస్తూ కూర్చున్నారు. తన కంచంలో అన్నం తన చేత్తో కలుపుకుని తినాలి. ఆయన కోరిందల్లా అదే.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్ జరుగుతోందని కిరణ్ కనుక్కొచ్చాడు. చేతికి తొడిగే మోటారు గ్లవ్ ఒకటి తయారుచేశారట. బిగుసుకున్న వేళ్లను అది తెరిచి మూస్తూ పని నేర్పిస్తుందట. నిజంగా నేర్పిస్తుందా లేదా అని తేల్చడానికే ఈ పరిశోధన. చేరినవాళ్లలో సగం మందికే గ్లవ్, మిగతావాళ్లకు మామూలు ఫిజియోథెరపీ. ఎవరికేదో కంప్యూటర్ తేలుస్తుంది. అదంతా విన్నాక కూడా మామయ్య సరేనన్నారు.

చేర్చుకోవడానికి షరతులున్నాయి. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటకూడదు. చెయ్యి బాగా బలహీనంగా ఉండాలి, ఎంతో కొంత కోలుకున్న చెయ్యి వాళ్లకు అక్కర్లేదు. ఈ మాట ఆయనకు నేను చెప్పాను, కిరణ్ చెప్పాడు, అక్కడి ఫిజియోథెరపిస్టు నవదీప్ ఫోన్లో హిందీలో విడమరిచి చెప్పాడు. మామయ్య అందరికీ అచ్ఛా, అచ్ఛా అన్నారు.

అనడానికేం, అన్నారు. కానీ సర్వీసంతా మెడికల్ బోర్డుల ముందు నిలబడ్డ మనిషికి, ఉన్న లోపం ఉన్నట్టు చూపిస్తేనే తీసుకుంటారంటే తలకెక్కుతుందా? నడుం నొప్పి ఉందని నిజం చెప్పిన ఆయన స్నేహితుడొకడు ‘లో మెడికల్ కేటగిరీ’ అనే తక్కువ తరగతిలో పడి, ప్రమోషన్ పోగొట్టుకుని, హవల్దారుగానే ఇంటికెళ్లాడు. మామయ్యేమో వాచిన మోకాలితో డాక్టర్ల ముందు గుంజీళ్లు తీసి పాసైపోయారు. ఆ సంగతి పండక్కీ పబ్బానికీ చెప్పుకుని మురిసిపోయేవారు. నాకు మాత్రం విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

పరీక్ష తేదీ ఖాయం కాగానే ఇంట్లో పరేడ్ మొదలైంది. పరీక్షలో ఏమేం చేయిస్తారో మామయ్య మా వీధిలో ఫిజియో దగ్గర ముందే ఆరా తీశారు. బాల్కనీలో స్టూలు మీద స్టీలు గ్లాసు పెట్టి, ఒళ్లంతా ముందుకు తోసి, పళ్లు బిగబట్టి దాన్ని ఎత్తాలని చూసేవారు. వద్దు మామయ్యా, మీ చెయ్యి ఎలా ఉందో అలాగే చూడనివ్వండి అని బతిమాలాను.

"నీకు తెల్దులే అమ్మాయ్. ఆర్మీలో అయినా, ఆస్పత్రిలో అయినా, నా వల్ల కాదన్నోణ్ణి ఎవురన్నా తీసుకుంటారా?" అన్నారు.

అత్తయ్య కూడా ఆయన పక్షమే. ఆవిడా ఫౌజీ భార్యే కదా.

ఆ రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టి వాళ్లను తీసుకెళ్లాను. వెయిటింగ్ హాల్లో అత్తయ్య ఫ్లాస్కులోని వేడినీళ్లతో తువ్వాలు తడిపి, శాలువా కింద ఆయన చేతికి కాపడం పెడుతూ కూర్చున్నారు. చలికి అనుకున్నాను. పేరు పిలిచాక లోపల టేబుల్ ముందు కూర్చుని మామయ్య పిడికిలి విప్పి చూపిస్తే గానీ నాకు అసలు సంగతి అర్థం కాలేదు. వేడికి వేళ్లు మెత్తబడ్డాయి. గ్లాసు ఎత్తారు, చెక్కముక్కను పక్కకు జరిపారు. ఏమైనా ఇబ్బంది ఉందా అంకుల్ అని నవదీప్ అడిగితే, "నో సర్, సబ్ ఠీక్ హై" అన్నారు. అన్నం తనే తింటున్నానని కూడా అన్నారు. అబద్ధమని నేను అడ్డుపడబోతే, పరీక్షలో వెంట వచ్చినవాళ్లు మాట్లాడకూడదని నవదీప్ నన్ను మర్యాదగా బయటికి పంపాడు.

కాసేపటికి అతను నవ్వుతూ బయటికి వచ్చాడు. అంకుల్ చెయ్యి తాము పెట్టుకున్న హద్దు కన్నా బాగుందని, అందుకే ట్రయల్‌లోకి తీసుకోలేమని, బాధపడాల్సిందేమీ లేదని చెప్పాడు. వెనకే కర్ర ఊతంతో వచ్చిన మామయ్య, పాసేనా అని నన్ను అడిగారు. పాసయ్యారు కాబట్టే తీసుకోరట అని చెప్పాను. మెత్తగా చెప్పలేకపోయాను, అంత కోపంగా ఉంది.

ఆయన నవదీప్ వైపు తిరిగారు. ఆర్మీలో బోర్డు తీర్పు మీద అప్పీలు ఉంటుంది కదా, అప్పీలు చేస్తానన్నారు. నవదీప్ తల అడ్డంగా ఊపాడు. హద్దు తెలిసిపోయాక కావాలనే తగ్గించి చూపించొచ్చు కాబట్టి, మళ్లీ పెట్టే పరీక్షకు విలువ ఉండదట. పైగా ఈ వారంతో ఆరు నెలల గడువు కూడా అయిపోతుంది.

మామయ్య బెంచీ మీద కూర్చుని, అత్తయ్య సంచిలోంచి పెరుగన్నం డబ్బా లాక్కున్నారు. ఎడమచేత్తో ఒళ్లో పెట్టుకుని మూత తీసి, కుడిచేతిని అందులోకి తోశారు. చెయ్యి అప్పటికే చల్లబడిపోయింది. పిడికిలి విచ్చుకోలేదు. ఆ పిడికిలితోనే అన్నం ఎత్తి నోటిదాకా తెచ్చుకోబోయారు. కొంత మీసాలకు అంటుకుంది, కొంత స్వెట్టర్ మీద పడింది, మిగిలినదంతా నేల మీద. హాలంతా తిరిగి చూసింది. ఒకావిడ తన పిల్లాడి మొహం అటు తిప్పేసింది.

"చెప్పమ్మా ఆయనకి. ఈ చెయ్యి ఎందుకూ పనికిరాదని ఇంగ్లీషులో చెప్పు" అన్నారు మామయ్య.

చెప్పాను. నవదీప్ అంతా విన్నాడు. సారీ మేడమ్ అని, లోపల తర్వాతి పేషెంటు కూర్చుని ఉన్నారని చెప్పి వెళ్లిపోయాడు.