వేలికి తగలని గీతలు

నేను ఉప్పల్‌లో పెళ్లికార్డులు, బ్యానర్లు డిజైన్ చేస్తాను. అక్షరాల కొలతలు నాకు ఎవరూ నేర్పలేదు. స్కేలు పెట్టి చూసి చూసి నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషులో ఒక రకం అక్షరాలంటే నాకు ప్రాణం. నిలువు గీతలు లావు, వాటిని కలిపే గీతలు వెంట్రుకంత సన్నం. ప్రతి గీత కొసకు చిన్న పీట, ఆర్ అక్షరం కాలికి తీగలాంటి మెలిక. వాటిని పెద్దగా, తక్కువ మాటలకే వాడాలి: పెళ్లికూతురి పేరుకో, మిఠాయి దుకాణం బోర్డుకో. ఫోన్ నంబరు పెడితే ఎవరూ చదవలేరు. సన్న గీత లావు గీతలో పదో వంతు ఉంటుంది. అది అర మిల్లీమీటరు కన్నా తగ్గితే ఆ అక్షరాలు నేను ముట్టను.

మేనకోడలి పెళ్లికార్డు వాటితోనే చేశాను. అక్క ఆ కార్డును వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"నా పేరు గూడ ఎప్పుడన్నా గిట్ల రాస్తవారా?"

"నీకింకేం పెండ్లి ఉన్నదే అక్కా?" అన్నాను. నవ్వి, కార్డుతోనే నెత్తి మీద కొట్టింది.

రెండేళ్లకు రాయాల్సి వచ్చింది, ఆమె సమాధి రాయి మీద.

అప్పటికే షుగర్ వల్ల బావకు చూపు పూర్తిగా పోయింది. నాచారం ఫ్యాక్టరీలో చెక్కపెట్టెల మీద ఇంగ్లీషు అక్షరాలు రాస్తూ రిటైరైన మనిషి. నన్ను ఒక్కటే అడిగాడు.

"పేరు నా వేలికి తెల్వాలె బామ్మర్దీ. సమాధుల తోటల ఎవర్నీ అడగకుండ ఆమె కాడికి నేనే పోవాలె."

లెక్క వేశాను. అక్షరం ఎత్తు రెండంగుళాలు. లావు గీత ఎనిమిది మిల్లీమీటర్లు, సన్నది అందులో పదో వంతు. కాగితం మీద అది మంచి కొలతే. లోతు మూడు మిల్లీమీటర్లని రాసిచ్చాను.

చర్లపల్లిలో రాయి చెక్కే ఆయన ఆ కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు. "సన్న గీతలల్ల అంత లోతు దిగదన్నా, అంచులు రాల్తయ్. పైపైన కొట్టి రంగు నింపుత. మస్తు కనవడ్తది."

కనబడుతుందన్న మాట విని సరేనన్నాను.

రాయి నిలబెట్టిన రోజు సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక అందరూ టీ తాగడానికి వెళ్లారు. బావ మోకాళ్ల మీద కూర్చుని పేరును తడిమాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.

"ఇంగ్లీషుల ఏడక్షరాలు గద మీ అక్క పేరు?"

"ఏడే బావా."

"ఏంది మరి? కట్టెలు దొరుకుతున్నయ్ గని ఆమె దొరుకుతలేదు."

కళ్లు మూసుకుని నా వేలు పెట్టి చూశాను. సన్న గీతల్లో రంగు నిండి రాయితో సమానమైపోయింది. లావు గీతలే తగిలాయి, ఒకదానికొకటి సంబంధం లేకుండా. ఆరడుగుల దూరంలో నిలబడి చూసే కళ్ల కోసం నేను లెక్క కట్టాను.

"కింద నాలుగంగుళాల జాగా ఉన్నది బావా. అండ్ల సాదా అక్షరాలతోని లోతుగ చెక్కిస్త."

"అది ఎవరి జాగారా? నా పేరు ఏడ రాస్తవ్?"

మావాళ్లలో భార్యాభర్తల రాయి మీద రెండో పేరుకు చోటు వదులుతారు. ఆ చోటు నేనే కొలిచి వదిలాను.

"పోనీ, పక్కకు ఇంకో పలక పెట్టిస్త."

"ఊకో. ఆమె ముచ్చటపడ్డ అక్షరాలు గవి. వాటి పక్కకు ఇంగోటి వద్దు."

ఇప్పుడు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక బావ నాకు ఫోన్ చేస్తాడు. ముందు నా ఆరోగ్యం అడుగుతాడు, తర్వాత పని ఎట్లా ఉందని అడుగుతాడు. చివరికి, "ఆమె కాడికి జర తీస్కపోతవా?" అంటాడు.