అమ్మ పాట కోసం పులివెందులకు

ఒక క్యాసెట్ కోసం మూడు ఊళ్లు తిరిగొచ్చానంటే నవ్వుతారేమో. నవ్వండి, కానీ అందులో అమ్మ గొంతు ఉంది. మిషన్ బడిలో అయ్యవారుగా పనిచేసిన నాన్నకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. అమ్మ తానే కట్టిన దేవుని పాటను నడుస్తున్న కారులోనే పాడితే, నాన్న పక్కన రికార్డర్ పెట్టి ఎక్కించాడు. ఇక ఏ ఊరు పోయినా, కారు కదిలితే చాలు, ఆ పాటే. కారు అమ్మిన రోజు క్యాసెట్ అందులోనే ఉండిపోయింది. అమ్మ పోయి మూడేళ్లు. ఆమె గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. ఆ కారు కొన్న ఓబులేసు నంబరు పోయిన వారం దొరికింది. "క్యాసెట్టు ఉందమ్మా, రా" అన్నాడు.

ఉదయం ఏడుంపావుకు ప్రొద్దుటూరులో బస్సెక్కాను. నేరుగా పోయే బస్సు ఉన్నా, మా కారు పోయిన దారి కదా అని జమ్మలమడుగు మీదుగా బయల్దేరాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ఎనిమిదికి అక్కడ దిగి, బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నాను. బజ్జీలో మిరపకాయ ఒట్టి మంట. వెళ్లేవాళ్లు నీళ్లు దగ్గర పెట్టుకోండి.

ఎనిమిదిన్నర పులివెందుల బస్సులో పక్కన కూర్చున్న అవ్వ అడిగింది, "యాడికి పోతాండావు పాపా?"

"పాట వినేదానికి పోతాండా అవ్వా."

"పాట కోసరం బస్సెక్కినావా! ఫోన్లో రాదా?"

"ఇది రాదు" అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, ఒక చీనీకాయ, అదే బత్తాయి, చేతిలో పెట్టింది.

పదిన్నరకు దిగాను. ఓబులేసు స్కూటర్ మీద వచ్చి తన చీనీ తోటకు తీసుకుపోయాడు. గొర్రెలు కాసిన కుటుంబం వాళ్లది. ఇప్పుడు తోటా ఉంది, గొర్రెలూ ఉన్నాయి. కారు ఎప్పుడో తుక్కుకు పోయిందట. ఆయన భద్రంగా తెచ్చిచ్చిన క్యాసెట్ చూసి నా ప్రాణం ఉసూరుమంది. లోపల రీలు లేదు.

"రీలు శానా ఏండ్ల కిందటే తెగిపోయెనమ్మా. గుర్తుగా పెట్టుకునేదానికి అడుగుతాండావనుకొంటి."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఎందుకో చెప్పాను. ఆయన భార్య నాగమ్మ, "ఆ పాటేనా? నాకొచ్చు గదా" అంది. వాళ్లూ ఆ కారులో ఏళ్ల తరబడి విన్నారట. గొర్రెపిల్లలకు ఆకు వేస్తూనే అందుకుంది.

"ఎండిన పెన్నకు నీళ్లొచ్చినట్టు వచ్చితివయ్యా... అద్దమెత్తు నాయనా, దుమ్ము పడతాంది..."

రాగం అమ్మదే, సాగదీయడమూ అమ్మలాగే. రెండో మాట మాత్రం పాటలోది కాదు. రికార్డింగు మధ్యలో ఆపలేక, కిటికీ పక్కనున్న మా తమ్ముణ్ణి కారు అద్దం ఎత్తమని అమ్మ అదే రాగంలో చెప్పేసింది.

నాగమ్మ ఆగి అర్థం కూడా చెప్పింది. "మనసు అద్దం గదమ్మా. దుమ్ము పడకుండా ఎత్తి పట్టమని దేవున్ని అడుగుతాంది మీయమ్మ. నాకు కష్టమొచ్చినప్పుడల్లా ఈ మాట కాడనే కండ్లలో నీళ్లొస్తాయి."

"అవునక్కా, అదే అర్థం" అన్నాను. మళ్లీ పాడించి ఫోన్లో ఎక్కించుకున్నాను. మధ్యాహ్నం వాళ్లింట్లోనే రాగి సంగటి, చింతాకు పప్పు.

మూడున్నర బస్సుకు తిరుగు ప్రయాణం. అమ్మ గొంతు దొరకలేదు, నిజమే. కానీ ఆమె పాట ఇంకొకరి నోట ఇన్నేళ్లు బతికిందని తెలిసి కడుపు నిండింది. నాగమ్మ పాడిన రికార్డింగును తమ్ముడికి పంపాను. ముద్దనూరు రాకముందే ఫోన్ చేశాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"అక్కా, ఆ నాయన నేనేనని ఆమెకు చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దులే. దేవుడే ఎత్తనీ."