ముందుగదిలో రొట్టెలు

నాందేడ్ ఇత్వారాలో ఉండే జనాబాయి కంప్యూటర్ ముందు కూర్చునేటప్పుడు కూడా, ఎవరో పెద్దమనిషి ఎదురుగా ఉన్నట్టు కొంగు సర్దుకుంటుంది. ఆమె చెల్లెలు గంగామణి మస్కట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తోంది. ఎస్టీడీ బూత్‌లో అయితే మీటరు చూస్తూ బెదురుబెదురుగా మాట్లాడాల్సి వచ్చేది. అందుకే కూతురు శీతల్ ఇంట్లోనే కంప్యూటర్‌లో ఇంటర్నెట్ ఫోన్ పెట్టి నేర్పింది. మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేసారి మాట్లాడి, ఒకేసారి ఆగి, నవ్వుకుంటారు.

ఒక ఆదివారం పొద్దున గంగామణి గొంతు నీరసంగా వినిపించింది. మూడు రోజులుగా జ్వరమట.

"మాట్లాడ శాతనైతలేదక్కా. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు. నువ్వు రొట్టెలు చేస్కో, నేను ఇనుకుంట పండుకుంట."

జనాబాయి జొన్నపిండి, పీట, కిరోసిన్ స్టవ్వు కంప్యూటర్ ఉన్న ముందుగదిలోకి తెచ్చుకుంది. హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని, మైకు పక్కనే కూర్చుని రొట్టెలు తట్టసాగింది. కొంతసేపటికి చెల్లెలి ఊపిరి నిదానంగా, ఒకే తీరుగా వినిపించింది.

బయటినుంచి వచ్చిన భర్త రామదాస్ రొట్టెల దొంతర చూశాడు.

"గిన్ని రొట్టెలు ఎవలకే?"

"మెల్లగ మాట్లాడు. గంగకు నిద్రవట్టింది."

అప్పటికే పిండి అయిపోయింది. ఆమె ఉత్త పీట మీద తడుతూనే ఉంది.